పెరటి మామిడి మీద పధ్నాలుగు అంతస్తులు

మా అక్కయ్య ఫోనులో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ట్రంకు కాల్ రోజుల నాటి అలవాటు. మూడు నిమిషాలు దాటితే డబ్బులు పోతాయన్న భయం ఆవిడకింకా వదలలేదు. మొన్న మాఘమాసంలో ఒకనాడు పొద్దున్నే ఫోను చేసి, "ఒరేయ్, ఆదివారం ఒకసారి వచ్చి వెళ్ళు. సంతకం పెట్టమంటున్నారు" అన్నది. దేనికి సంతకం అంటే, "ఇంటికి" అని పెట్టేసింది.

ఇంటికి సంతకం అంటే ఏమిటో తెలియనివాళ్ళు హైదరాబాదులో ఇప్పుడు ఎవరూ లేరు. పాత ఇల్లు మిగిలివున్న ప్రతి వీధికీ ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి రంగుల పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని వస్తాడు. మంచినీళ్ళు పుచ్చుకుంటాడు. ఇల్లు చాలా బాగుందంటాడు. అంత బాగున్న ఇంటిని ఎప్పుడు పడగొడదామని అడుగుతాడు.

అక్కయ్య ఇల్లు అమీర్‌పేటలో, పెద్ద రోడ్డుకు ఒక వరస వెనగ్గా వుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. ఖైరతాబాదు దాటిందగ్గరనుంచీ నేను ఎప్పుడూ కుడివైపు కిటికీ దగ్గర నిలబడతాను. ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట, మూడు స్టేషన్లూ మూడు నిమిషాల వ్యవహారమే కాని, వూరు ఎటు పోతున్నదో తెలుసుకోవడానికి అంతకంటె చౌకైన సాధనం లేదు. రైలు మేడల మధ్యగా, రెండో అంతస్తు ఎత్తున పోతుంది. మనుషులు పడక గదుల్లో కాఫీ తాగుతూ కనిపిస్తారు. వాళ్ళ డాబాల వెనకనుంచి ఇప్పుడు క్రేన్లు తలలు ఎత్తుతున్నాయి.

2017 నవంబరు 28న మియాపూర్ నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్ల మెట్రో మొదటిసారి నడిచినప్పుడే అమీర్‌పేట జాతకం మారింది. ఆ మరుసటి ఏడు ఎల్.బి.నగర్ దాకా, 2019లో హైటెక్ సిటీ దాకా రైళ్ళు వచ్చాక, రెండు లైన్లు ఒకదానిమీద ఒకటి దాటే చోటు ఇదే అయింది. వూరికి ఏ మూల ఉద్యోగం వున్నా ఇక్కడినుంచి ఒకే రైలు. ఇంక నేల ధర ఆగుతుందా?

మా బావగారి తండ్రి ఈ స్థలం కొన్నప్పుడు ధర మాట అటుంచి, కొన్నందుకు ఆయన్ని బంధువులంతా వెర్రివాడన్నారట. ఆయన కర్నూలులో సచివాలయ వుద్యోగి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు మారితే, దస్త్రాలతోపాటు ఆయనా మారారు. అద్దె ఇళ్ళు నాలుగు మారి విసిగి 1962లో ఇక్కడ 500 గజాలు కొన్నారు. అప్పటికి ఇది వూరి చివర. ఆ వైపు సనత్‌నగర్‌లో ఆల్విన్ కర్మాగారం సైరను వినిపించేది. ఈ వైపు సారథీ స్టూడియో. హైదరాబాదులో సినిమాలు తియ్యవచ్చునని మొదట నిరూపించింది ఆ స్టూడియోయే. దూరంగా ప్రకృతి చికిత్సాలయం చెట్లు. బల్కంపేట ఎల్లమ్మ ఆనాడూ ఇప్పటిలాగే నేలమట్టానికి పదడుగుల లోతున, బావిలో పడుకుని వుంది. చుట్టూ వీధులు ఎంత ఎత్తు లేచినా ఆ తల్లి మాత్రం తన లోతు మార్చుకోలేదు. ఆషాఢంలో కల్యాణంనాడు చూడాలి, అన్ని మేడలవాళ్ళూ ఆ మెట్లు దిగవలసిందే.

ఇల్లు 1964లో పూర్తయింది. నేలకు షాబాదు బండలు, ముందు గుండ్రటి వరండా, పక్కన మెట్లు, పెరట్లో బావి. అక్కయ్య 1971లో కోడలుగా ఆ గుమ్మం తొక్కింది. బావి తవ్వినప్పుడు ఇరవై అడుగుల్లో రాయి తగిలిందనీ, మందుపెట్టి పేల్చి మరో ఇరవై దిగారనీ అత్తగారు చెప్పేవారట. పంజాగుట్ట పేరులోనే గుట్ట వుంది. ఈ చుట్టుపక్కల ఎక్కడ పునాది తీసినా కిందనున్నది రాయే. ఇప్పుడు మేడలకు మూడేసి సెల్లారులు తవ్వుతుంటే ఆ రాయి పగిలే చప్పుడే వీధికి మేలుకొలుపు.

పై వాటాలో ఎప్పుడూ కుర్రాళ్ళు అద్దెకుంటారు. అమీర్‌పేటలో కంప్యూటరు చదువుల దుకాణాలు వెలిసిన దగ్గరనుంచీ ఆ వాటా ఖాళీగా వున్నది కరోనా ఏడాది ఒక్కటే. గుంటూరు, నల్లగొండ, శ్రీకాకుళం, ఎక్కడెక్కడినుంచో వస్తారు. మూడు నెలలో ఆరు నెలలో చదువుకుని, వుద్యోగం వచ్చిందని మిఠాయి పొట్లం ఇచ్చి వెళ్ళిపోతారు. ఆ పొట్లాల లెక్క అక్కయ్య క్యాలెండరు వెనక రాసి పెట్టింది. ఇప్పటికి డెబ్బై మూడు.

నేను వెళ్ళేసరికి వరండాలో రంగుల పుస్తకం సిద్ధంగా వుంది. అట్ట మీద సాయంసంధ్య వేళ ఆకాశంలోకి పొడుచుకుపోయిన అద్దాల మేడ. ముందు వరసలో పెద్ద రోడ్డు మీదికి మూడిళ్ళు, వెనక వరసలో అక్కయ్యది, పోస్టుమాస్టరుగారిది రెండిళ్ళు, అయిదూ కలిపి పడగొట్టి, పధ్నాలుగు అంతస్తులు కడతారట. అంతస్తుకొక్కటే ఇల్లు. పై కప్పు మీద ఈతకొలను. సగం వాళ్ళకు, సగం స్థలం వాళ్ళకు.

"మిగతా నలుగురూ సరే అన్నారట. నాదే ఆలస్యం అంటున్నారు" అన్నది అక్కయ్య.

"నీకేముంది?"

"నాకేముందో తెలియకనే కదరా నిన్ను పిలిచింది! నువ్వు లెక్కల మాస్టరువి. లెక్క చూడు."

సరే, లెక్క చూడడానికి ముందు, ఇటువంటి ఇల్లంటూ ఎలా వుంటుందో చూడాలి కదా. పంజాగుట్టలో ఒక మేడ సగం లేచి, నమూనా ఇల్లు మాత్రం ముస్తాబై వుందంటే, మా కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక్కణ్ణే వెళితే దారితప్పి వచ్చాననుకుంటారని భయం. కోడలు మంచి చీర కట్టుకుని వచ్చింది. దాని మూలాన ఇద్దరికీ నిమ్మరసం ఇచ్చారు.

బాగుంది. బాగులేదని అబద్ధం ఆడను. గుమ్మం తలుపే తొమ్మిదడుగులుంది. ఇటలీ పాలరాయి. హాలులో నిలబడితే హుస్సేన్‌సాగర్ కనిపిస్తుంది; ఎదర ఇంకొక మేడ లేచేదాకా, అనుకున్నాను మనసులో. వంటిళ్ళు రెండు. ఒకటి అద్దంలా మెరుస్తున్నది, అది చూపుకు. రెండోది వెనక ఇరుగ్గా వుంది, పోపు పెట్టుకోవడానికి. పనిమనిషికి ఆరడుగులు ఏడడుగుల గది, రావడానికి వేరే లిఫ్టు. మా కోడలు నెమ్మదిగా, "మామయ్యగారూ, వడియాలు ఎక్కడ పెట్టుకుంటారో అడగండి" అన్నది. అడిగాను. బాల్కనీలో బట్టలుగాని మరేవిగాని ఆరవేయడానికి సంఘం నిబంధనలు ఒప్పుకోవని ఆ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. నెలకు నిర్వహణ ఖర్చు చదరపుటడుగుకింత అని ఆవిడ చెబితే నోటితో గుణించి చూసుకున్నాను. నా పింఛనులో మూడో వంతు.

చదరపుటడుగులన్నాను కనుక ఒక మాట. వాళ్ళు ఎన్ని అడుగులన్నారో అన్ని అడుగులూ మనం నడవడానికి వుండవు. లిఫ్టూ, మెట్లూ, వ్యాయామశాలా, ముందరి చావడీ, అన్నింటిలోనూ మన వంతు కలిపి చెప్పే అంకె అది. 2016లో వచ్చిన రెరా చట్టం ఈ కిటుకు కనిపెట్టి, కొనేవాడికి కార్పెట్ ఏరియా తెలపాలన్నది. అంటే ఇంటి బయటి గోడలు, బాల్కనీ, గొట్టాల గూళ్ళు మినహాయించి, లోపలి అడ్డుగోడలు మాత్రం కలుపుకుని, ఇంట్లో నిజంగా వాడుకోగల నేల. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి పుచ్చుకోకూడదన్నది. కొన్నవాళ్ళ సొమ్ములో 70 శాతం ఆ కట్టడానికే ప్రత్యేకంగా బ్యాంకులో వుంచాలన్నది. అప్పగించిన అయిదేళ్ళలోపు గోడ బీటిస్తే వాళ్ళే బాగుచెయ్యాలన్నది. కొనేవాళ్ళకు ఇవన్నీ బాగానే వున్నాయి. స్థలం ఇచ్చే అక్కయ్య సంగతి వేరు. తనకొచ్చిన వాటాలో ఇల్లు ఆవిడ మరొకరికి అమ్మితే, అమ్మినదాని మటుకు ఆవిడనూ నిర్మాతతోపాటు బాధ్యురాలిని చేయగల మాట ఆ చట్టంలో వుంది. అది చెబితే అక్కయ్య, "నేనా? నేనేం కట్టాను?" అన్నది.

ఇంక లెక్క. ఇంటికి వచ్చి కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. చదువరులలో ఇటువంటి సంతకం ఎదురుగా పెట్టుకున్నవాళ్ళు వుంటే వాళ్ళూ ఒక కాగితం తీసుకోవచ్చు.

500 గజాలంటే 418 చదరపు మీటర్లు. అయిదిళ్ళు కలిస్తే 2500 గజాలు, 2090 మీటర్లు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తైన మేడ కట్టాలంటే స్థలం కనీసం 2000 చదరపు మీటర్లుండాలి. అక్కయ్య తప్పుకుంటే మిగిలేది 1672. అంటే మేడ లేదు! పుస్తకం పట్టుకుని మూడుసార్లు ఎందుకొచ్చాడో, నాలుగోసారి మామిడిపళ్ళ బుట్ట ఎందుకు పంపాడో (మాఘమాసంలో మామిడిపళ్ళు! ఎక్కడ దొరికాయో!) అప్పుడు బోధపడింది.

తర్వాత ఎత్తు. హైదరాబాదులో ఒక విశేషం వుంది. చెన్నపట్నంలోనూ బెంగుళూరులోనూ స్థలం వైశాల్యానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలని హద్దు వుంటుంది. 2006 నుంచీ మనకు ఆ హద్దు లేదు. ఎదుటి రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఈ రెండూ కుదిరితే ఎంత ఎత్తైనా పోవచ్చు; బేగంపేట విమానాశ్రయం దగ్గర గనక ఆ శాఖవారి అనుమతి వేరే. 12 మీటర్ల రోడ్డయితే 24 మీటర్ల ఎత్తు దాకా, చుట్టూ 8 మీటర్లు వదలాలి. 50 మీటర్ల ఎత్తుకు పోవాలంటే 30 మీటర్ల రోడ్డు కావాలి, చుట్టూ 14 మీటర్లు వదలాలి. తరవాత వచ్చిన సవరణలు, సడలింపులు వున్నాయి. సంతకంనాటికి ఏవి అమలులో వున్నాయో చూసుకోవాలి. నేను మూల పట్టికనే తీసుకున్నాను.

ఈ అయిదిళ్ళ స్థలం అదృష్టవశాత్తు చతురస్రం. 150 అడుగులు, 150 అడుగులు. పధ్నాలుగు అంతస్తులకు నలువైపులా 46 అడుగులు వదిలితే లోపల మిగిలేది 58 అడుగుల చదరం. 3364 చదరపుటడుగులు. అందులోనే లిఫ్టులూ, రెండు వైపుల మెట్లూ. అంతస్తుకొక్కటే ఇల్లు అని పుస్తకంలో అంత గొప్పగా రాసుకున్నారే, రెండో ఇల్లు పట్టితే కదా!

ఏడంతస్తులతో సరిపెట్టుకుంటే? నలువైపులా 26 అడుగులు పోగా 98 అడుగుల చదరం మిగులుతుంది. అంతస్తుకు 9604 అడుగులు, ఏడింటికి 67,228. పధ్నాలుగు అంతస్తుల మొత్తం 47,096. పెన్సిలు కింద పెట్టి మళ్ళీ కూడాను. తప్పు లేదు. ఎత్తు రెట్టింపయితే ఇల్లు తగ్గుతున్నది. ఏడంతస్తుల్లో నలభై కుటుంబాలు వుండగల చోట, పధ్నాలుగు అంతస్తుల్లో పధ్నాలుగు కుటుంబాలుంటాయి. మరుసటి ఆదివారం ఆ పెద్దమనిషినే ఈ మాట అడిగాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "నిజమే సార్. కాని నలభై ఇళ్ళున్న చోట ఈ రేటు రాదు. మాకు అడుగులు కాదు సార్, రేటు కావాలి" అన్నాడు. ఆ జవాబులో దాపరికం లేదు. అందుకు ఆయన్ని మెచ్చుకున్నాను కూడా.

ఇప్పుడా అయిదిళ్ళలో ఎంతమంది వున్నారో అక్కయ్యను అడిగాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ముందు మూడిళ్ళ కింద దుకాణాలు, పైన ఆడపిల్లల హాస్టలు, పోస్టుమాస్టరుగారి రెండు వాటాలు, తన పై వాటా కుర్రాళ్ళు, అందరూ కలిసి తొంభై దాకా తేలారు.

వాటాల సంగతి చూద్దాం. సగం అంటే ఏడిళ్ళు. ఏడింటిని అయిదుగురికి పంచడం ఎలాగో అయిదో తరగతి పిల్లవాడికి తెలుసు, తలకొకటి పోగా రెండు మిగులుతాయి. పెద్ద రోడ్డు తమ ముందున్నది కాబట్టే ఇంత ఎత్తు వస్తున్నదనీ, ఆ రెండూ తమవేననీ ముందు వరసవారి వాదన. అది వట్టి వాదన కాదు, న్యాయమూ కొంత వుంది. అప్పుడు అక్కయ్యకు వచ్చేది ఒక ఇల్లు. దానితోపాటు నేలలో పధ్నాలుగో వంతు, 178 గజాలు. అదీ ఇదిగో ఇది నాదని గీత గీసి చూపించలేని అవిభక్త వాటా. ఇచ్చింది 500.

ఒంటరిగా ఇంకెవరికైనా ఇస్తే? వెనక సందు వైపు నుంచి అయిదంతస్తులు, పదిళ్ళు వస్తాయి. అయిదు మనవి, నేలలో 250 గజాలు మనవి. కాని 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి రెరాలో నమోదు అక్కరలేదని చట్టమే మినహాయించింది. కట్టేవాడు సగంలో పోతే ఆ తలుపు తట్టడానికి వుండదు. 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టం నాటినుంచి అమీర్‌పేటలో లేచిన మొదటి విడత ఇళ్ళన్నీ ఇలా చిన్నవే. వాటిలో నాలుగో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో వయసు మళ్ళిన నా స్నేహితుడొకడు వున్నాడు. వాడు కిందికి దిగి నాలుగు నెలలయింది.

అక్కయ్యకు ఈ లెక్కలన్నీ చెప్పి, తిరిగి వస్తూ ఎర్రమంజిల్‌లో దిగాను. ఎందుకో ఆ భవనం చూడాలనిపించింది. పంజాగుట్టనుంచి ఖైరతాబాదు పోయే రోడ్డుకు పక్కన, గుట్టమీద వున్నది. నవాబు ఫఖ్రుల్‌ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించాడు. 150 గదులని చెబుతారు. ఫారసీలో ఇరం అంటే స్వర్గంవంటి తోట. నవాబు ఇరం మంజిల్ అని పేరు పెట్టుకుంటే, గుట్ట మట్టి ఎర్రగా వుంది కనుక తెలుగువాళ్ళు దాన్ని ఎర్రమంజిల్ చేసేశారు. రెండు పేర్లూ అతికినట్టుండడం నవాబు గడుసుతనమేనంటారు. నవాబుల తరవాత సర్కారు ఇంజనీర్ల కచేరీలు నడిచాయి.

2019 జూన్‌లో ఆ భవనాన్ని పడగొట్టి కొత్త శాసనసభ కట్టాలని తెలంగాణ మంత్రివర్గం తీర్మానించింది. ఆ నెల 27న శంకుస్థాపన కూడా జరిగింది. నవాబు వారసులూ, పాత కట్టడాలంటే ప్రీతి వున్నవాళ్ళూ హైకోర్టుకు వెళ్ళారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టివేసింది. వారసత్వ కట్టడంగా జాబితాలో వున్నదాన్ని పద్ధతి ప్రకారం ఆలోచించకుండా తీసివెయ్యడానికి వీల్లేదన్నది. ఇంత చరిత్ర జరిగినా ఆ భవనం గోడల మీద రావిమొక్కలు మొలుస్తూనే వున్నాయి. కోర్టు పడగొట్టవద్దని చెప్పగలదు కాని, సున్నం వెయ్యదు కదా.

దానికైతే జాబితా వుంది. బేగంపేటలో పైగా ప్యాలెస్‌కూ ఒక దారి దొరికింది. మొదట పట్టణాభివృద్ధి సంస్థ, 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేటు అందులో వున్నారు. షాబాదు బండల ఇళ్ళకు, గుండ్రటి వరండాలకు జాబితా లేదు. పాతవే కాని ప్రాచీనం కావు. కర్నూలునుంచి వచ్చిన గుమాస్తాలు, ఆల్విన్ ఫోర్‌మన్లు, బడిపంతుళ్ళు కట్టుకున్న ఇళ్ళ మూలాన ఈ పేటకు పేట అన్న పేరు నిలిచింది. అవి వుండాలా పోవాలా అన్నది, ఒక్కొక్క వరండాలో ఒక్కొక్క ముసలమ్మ కళ్ళజోడు పెట్టుకుని తేల్చుకోవలసిన విషయం.

పోవాలనేవాళ్ళ మాటా వినాలి. అక్కయ్య ఇల్లు నిజానికి అలిసిపోయింది. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి, కూకట్‌పల్లి నాలా పొంగి బేగంపేటంతా మునిగినప్పుడు, ఇక్కడ గుమ్మంలోకి నీళ్ళు రాలేదుగాని పునాది చెమ్మ పట్టింది. ఆ చెమ్మ ఇవాళ్టికీ గోడెక్కుతూనే వుంది. బావి ఎండి ఇరవై ఏళ్ళు దాటింది. స్నానాలగది పెరట్లో వుంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి రాత్రిళ్ళు వానలో అక్కడికి నడవాలి. కొడుకు డల్లాస్‌లో, కూతురు విశాఖపట్నంలో. బావగారు పోయి నాలుగేళ్ళు. "పైన కుర్రాళ్ళు లేకపోతే నేను పడిపోయినా తెలిసేవాళ్ళు లేరు" అని అక్కయ్యే ఒకసారి అన్నది. లిఫ్టు, కాపలా, పక్కింటి గొంతు వినపడే దూరం, ఇవి పెద్దవాళ్ళకు విలాసాలు కావు. అంతస్తుకొక్కటే ఇల్లున్న చోట పక్కింటి గొంతు ఎక్కడినుంచి వస్తుందన్నది మాత్రం నాకు తేలలేదు.

నాకు తెలిసిన వకీలు ఒకాయన దగ్గరకు కాగితాలు తీసుకువెళ్ళాను. ఆయన చదువుతున్నంతసేపూ ముక్కుపొడుం పీలుస్తూ వున్నాడు. "ఇందులో అన్నీ వున్నాయి, రెండు తప్ప" అన్నాడు చివరకు. ఒకటి, కట్టడం పూర్తయేదాకా అనుమతి నిబంధనలకు కట్టుబడి వుంటారన్న పూచీగా, మొత్తం కట్టడంలో 10 శాతం నేలను పురపాలక సంఘానికి తాకట్టు పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ 10 శాతం ఎవరి వాటాలోది అన్నది ఒప్పందంలో రాయలేదు. రాయకపోతే స్థలం ఇచ్చినవాళ్ళ ఇళ్ళే తాకట్టులో కూర్చోవచ్చు. రెండు, మూడేళ్ళు అద్దె ఇస్తామన్నారు. నాలుగో ఏడు మాటేమిటి? "మేడకు గడువు దాటితే వాళ్ళకు వడ్డీ పోతుంది. మీ అక్కగారికి గడువు దాటితే పోయేది వేరు" అన్నాడాయన. నేను మాట్లాడలేదు. వారసులంతా సంతకం చెయ్యాలనీ, డల్లాస్ అబ్బాయి అక్కడి మన కాన్సులేటులో పవరాఫటార్నీ ధ్రువపరిపించి పంపాలనీ చెప్పి, ఫీజు పుచ్చుకోకుండా పంపేశాడు.

మూడో ఆదివారం అయిదిళ్ళవాళ్ళూ అక్కయ్య వరండాలో కూడారు. ముందింటాయన మంచివాడే. కాని కూతురి పెళ్ళి బాకీలో వున్నాడు. అడ్వాన్సు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. "వదినగారూ, మీ ఒక్కరి మూలాన అందరిదీ ఆగిపోతున్నది" అని అననే అన్నాడు. అక్కయ్య ముఖం ఎర్రబడింది. యాభై ఏళ్ళుగా ఆ ఇంటికి ఆవకాయ జాడీ పంపుతున్న మనిషి. పోస్టుమాస్టరుగారు మాత్రం చెవి యంత్రం సవరించుకుని, "అసలు మిగిలిన రెండిళ్ళు ఎవరివో ముందు తేల్చండి, తరవాత ఎవరి మూలాన ఆగిందో చూద్దాం" అన్నారు. అంతవరకూ ఆయన సంతకం చేసేశారనే మేమందరం అనుకుంటున్నాం. చెయ్యలేదట. ముందు వరసలో మధ్య ఇంటాయన కూడా చెయ్యలేదని అప్పుడే బయటపడింది. మిగతా నలుగురూ సరే అన్నారని అయిదిళ్ళలోనూ ఒకే మాట చెప్పి వచ్చాడు ఆ పెద్దమనిషి!

ఆయన కాస్త తడబడ్డాడు. తేరుకుని, "అమ్మగారూ, మీకేం కావాలో చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు.

అక్కయ్య లోపలికి వెళ్ళి క్యాలెండరు కాగితం తెచ్చింది. రాత్రే రాసి పెట్టుకున్నదట. మిగిలిన రెండిళ్ళూ అమ్మి అయిదుగురికీ పంచాలి. తాకట్టు 10 శాతం కట్టేవాళ్ళ వాటాలోనే వుండాలి. తాళంచెవి చేతికి ఇచ్చేదాకా అద్దె ఇస్తూనే వుండాలి, అదీ అమీర్‌పేటలోనే దొరికే ఇంటి అద్దె. తనకు మొదటి అంతస్తు కావాలి, కరెంటు పోయినా నడిచి ఎక్కేట్టు. మొదటి అంతస్తులో వ్యాయామశాల వస్తుందండీ అన్నాడాయన. "దాన్ని పధ్నాలుగో అంతస్తులో పెట్టండి. వ్యాయామం చేసేవాళ్ళు ఎక్కగలరు" అన్నది. పోస్టుమాస్టరుగారు వినపడకపోయినా నవ్వారు.

ఆ కాగితాన్ని వకీలు భాషలో రాయించి మళ్ళీ వస్తామని, ఉగాది వెళ్ళాక అని చెప్పి ఆయన లేచాడు. రంగుల పుస్తకం మాత్రం బల్లమీదే వదిలి వెళ్ళాడు. డల్లాస్ నుంచి మేనల్లుడు ఫోనులో కనిపించి, "మామయ్యా, అమ్మ ఏమన్నది?" అని అడిగాడు. కాగితం తెరకు దగ్గరగా పెట్టి చూపించాను. వాడు చాలాసేపు చదివాడు.

నేను చెప్పులు వేసుకుంటుండగా అక్కయ్య మెట్ల దగ్గర నిలబడి, పై వాటా కుర్రాళ్ళను కిందికి పిలిచింది. ఖాళీ చెయ్యాలని ఎవరైనా వచ్చి చెబితే నమ్మవద్దనీ, తను చెబితేనే చెప్పినట్టనీ అన్నది. ఈ నెల అద్దె ఎప్పటిలాగే అయిదో తారీకుకు ఇమ్మన్నది. పిందెలు రాలుతున్నాయి, మిద్దెమీదనుంచి దోటి తెచ్చి పెరట్లో పెట్టమని కూడా చెప్పింది.